మూసీని కొలిచిన ఇంజనీరు

నాగావళి తీరమున శ్రీకాకుళము వెలసినట్లే మూసీ తీరమున హైదరాబాదు వెలసినది. నీరు చేరువనుండుట నగరవాసులకు సుఖమే. కాని 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ మూసీయే పొంగి నగరమును ముంచివేసెను. ఇండ్లు కూలెను, వంతెనలు కొట్టుకొనిపోయెను. మృతులు 15 వేల వరకు ఉందురని అంచనా. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి.

నగరమును మరల నిలుపుటకు నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన పూర్వులు ఆంధ్రదేశములోని మోక్షగుండమునుండి మైసూరు సీమకు వలసపోయిన తెలుగువారు. ఆయన 1861లో ముద్దెనహళ్లిలో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, పిల్లలకు పాఠములు చెప్పుచు చదువుకొనిరి. పిమ్మట పూనాలో ఇంజనీరింగు ముగించి, బొంబాయి ప్రభుత్వమున పేరెన్నికగన్నారు.

1909లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్యగారు నగరమును మాత్రమే చూచి ఊరకుండలేదు. వాన ఎచ్చట కురిసినది, నీరు ఏ త్రోవను దిగినది అని నది పుట్టిన దిక్కుగా విచారించిరి. మూసీకి నీరందించు ప్రాంతమున 788 చెరువులుండగా, వానిలో 221 తెగినట్లు తేలెను. విజయనగరపు పెద్దచెరువువంటి చెరువును చూచినవారికి కట్ట తెగుట యెంతటి ఉపద్రవమో వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువ కట్ట తెగినచో ఆ నీటి బరువు దిగువ చెరువుపై పడును, అదియు తెగును. నగరమును ముంచిన వరద నగరమున పుట్టినది కాదు!

కావున నగరములో గోడలు కట్టిన చాలదని ఆయన నిశ్చయించిరి. నదిని దాని యిష్టమునకు విడుచుటయు ఆయనకు సమ్మతము కాదు. నగరమునకు ఎగువను మూసీపై ఒకటి, దాని ఉపనది ఈసీపై ఒకటి జలాశయములు నిర్మించి, వరదను అందు నిలిపి, నది భరింపగలిగినంత మేరకే క్రిందికి విడువవలెనని సూచించిరి. నగరములో గట్లను ఎత్తుచేసి, తీరము వెంబడి ఉద్యానవనములు పెంచుమనిరి.

ఆ యోచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. ఈ నడుమ ఆయన మైసూరు దివానుగా పనిచేసి, 1922లో మరల హైదరాబాదు వచ్చి, మురుగునీటి పారుదల పనులకు సలహాలిచ్చిరి. 1955లో భారతరత్న బిరుదమంది, నూరేండ్లు దాటిన పిదప 1962లో కీర్తిశేషులైరి.

జలాశయములు నిలిచినవి. నగరము మాత్రము పెరిగి పెరిగి చెరువుల గర్భములలోనికిని దిగినది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో కొన్ని చెరువుల కట్టలు తెగి, పల్లపు కాలనీలు మరల నీట మునిగినవి.