భార్య మాట భార్యే చెప్పాలన్న రాఘవ

మీ ఇంట్లో ఆలుమగల మధ్య మాటామాటా పెరిగిందనుకోండి. పెద్దలు వచ్చి కూర్చోగానే మొదట తేల్చాలని చూసేది ఒక్కటే, తప్పెవరిది అని. సరిగ్గా ఆ పేరుతోనే 1930 ప్రాంతంలో ఒక తెలుగు నాటకం వచ్చింది. రాసిన పి.వి.రాజమన్నార్ తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. దాన్ని రంగస్థలం ఎక్కించినవారు మన అనంతపురం సీమలో పుట్టిన బళ్లారి రాఘవ. ఆరోగ్యం పేజీలో నాటకాల గోల ఏమిటని మీరు అనుకోవచ్చు. గోరంట్ల చుట్టుపక్కల పల్లెల నుంచి నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని వచ్చేవారిని చూస్తుంటే నాకు తరచూ గుర్తొచ్చే మనిషి ఆయనే.

తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882లో బళ్లారి జిల్లా నుంచి విడదీశారు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆంధ్ర నాటక పితామహుడిగా పేరున్నవారు. మేనమామ లాగే ఈయన కూడా పగలు కోర్టు, సాయంత్రం నాటకం. మద్రాసులో చదివి, లా పూర్తి చేసి, బళ్లారిలో ప్లీడరుగా స్థిరపడ్డారు. క్రిమినల్ కేసుల్లో గట్టి పేరు తెచ్చుకుని పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయ్యారు. నాటకం ఆయనకు జీవనోపాధి కాదు. అందుకేనేమో, జనం చప్పట్ల కోసం దాన్ని వంచాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

బళ్లారిలో షేక్‌స్పియర్ క్లబ్బు పెట్టి ఇంగ్లిష్ నాటకాలూ ఆడారు. ఇక్కడ ఒక్క మాట. షేక్‌స్పియర్ ఒథెల్లో లేనిపోని అనుమానంతో భార్యను చంపుకుంటాడు కదా, ఆ పేరు మా వైద్యంలోకీ వచ్చింది. ఏ ఆధారమూ లేకుండా భార్యనో భర్తనో గట్టిగా అనుమానించే జబ్బును ఒథెల్లో సిండ్రోమ్ అంటాం. ఏళ్ల తరబడి సారాయి తాగేవారిలో ఇది కనిపిస్తుంటుంది. ఆ మనిషిని వాదించి ఒప్పించలేరు. పంచాయితీ పెట్టినా లాభం లేదు. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి, మందులున్నాయి.

రాఘవ కుర్రవాడుగా ఉన్నప్పటి నాటకం ఎలా ఉండేదో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. హార్మోనియం మోగుతుండగా పద్యాన్ని రాగం తీసి తీసి పాడటమే నటన. సీతయినా, చంద్రమతి అయినా మగవాడే వేషం కట్టాలి. అంటే భార్య పడే బాధ ఎలా ఉంటుందో మగవాడు ఊహించుకుని ఏడ్చేవాడు, మగవాళ్లు చూసి మెచ్చుకునేవారు.

మా ఓపీలోనూ అదే వరస. ఆమెకు తలనొప్పి, కడుపులో మంట. కుర్చీలో ఆమె కూర్చుంటుంది, చెప్పేదంతా వెనక నిలబడ్డ భర్తే. ఎప్పటి నుంచి, ఎంత, ఎందుకు, అన్నీ ఆయనే. పరీక్షలన్నీ మామూలుగానే వస్తాయి. ఆయన్ను కాసేపు బయట కూర్చోమంటే అప్పుడు సంగతి బయటికొస్తుంది. బోరు వేసి నీళ్లు పడని అప్పు, బెంగళూరులో పనికి పోయి నెలకోసారి వచ్చే మనిషి, వచ్చిన రెండు రోజులూ గొడవ. ఆమె నోటితో వినకపోతే ఆ తలనొప్పికి గ్యాస్ మాత్ర రాసి పంపేసేవాళ్లం.

రాఘవ పట్టుబట్టింది సరిగ్గా ఇక్కడే. స్త్రీ పాత్ర స్త్రీయే వేయాలన్నారు. చదువుకున్న కుటుంబాల ఆడవాళ్లు రంగస్థలం మీదికి రావడమంటే ఆ రోజుల్లో పెద్ద నింద. అయినా కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయనతో కలిసి నటించారు. ఆమె డిటెక్టివ్ నవలల కొమ్మూరి సాంబశివరావు తల్లి అంటే మీకు చప్పున తెలుస్తుంది. రాగాలు తగ్గించి, మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టే రంగస్థలం మీద మాట్లాడించారు. రాజులూ రాణులూ పోయి, మధ్యతరగతి దంపతుల కష్టం వారి మాటల్లోనే వినపడింది. ఆయన చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా పెద్దదనుకునేది ఇదే.

ఇంచుమించు అదే కాలంలో వియన్నాలో జేకబ్ మొరెనో అనే డాక్టరు అప్పటికప్పుడు అల్లుకుని ఆడే నాటకశాల నడిపాడు. అందులో ఒక నటి రంగస్థలం మీద శాంతమూర్తి, ఇంట్లో మాత్రం కోపిష్ఠి అని భర్త మొరపెట్టుకున్నాడు. మొరెనో ఆమెకు గయ్యాళి పాత్రలిచ్చాడు. ఇంట్లో కోపం తగ్గింది. తరువాత ఇద్దరినీ రంగస్థలం మీదికి పిలిచి వాళ్ల ఇంటి గొడవే ఆడించాడు. సైకోడ్రామా అనే చికిత్స పుట్టుకకు ఈ కథనే చెబుతారు. అయితే కొన్నేళ్లకు ఆ జంట విడిపోయింది. ఇది మంత్రం కాదని మీరు గుర్తుంచుకోవాలి. ఇప్పుడు విదేశాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా చిక్కుల్లో పడ్డ దంపతుల్లా వేషం కట్టి దీన్ని ఆటగా ఆడుతున్నారు.

మీరూ ప్రయత్నించవచ్చు. కోపం చల్లారాక, పిల్లలు పడుకున్నాక, కుర్చీలు మార్చుకోండి. భర్త భార్యగా, నేను అంటూ ఐదు నిమిషాలు మాట్లాడాలి. పొద్దున లేచింది మొదలు ఆమె రోజు ఎలా గడిచిందో చెప్పాలి. ఆమె మధ్యలో అడ్డురాకూడదు. అయ్యాక ఎక్కడ తప్పు చెప్పాడో ఆమె సరిదిద్దాలి. తరువాత ఆమె వంతు. వెక్కిరింత మొదలైతే అక్కడే ఆపేయండి. చాలామంది మగవాళ్లు రెండో నిమిషానికే మాటలు దొరక్క ఆగిపోతారు. ఆ ఆగిన చోటు నుంచే అసలు మాట మొదలవుతుంది.

కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం ఈ ఆట వద్దు. అక్కడ కావలసింది రక్షణ, 181కి ఫోన్ చేయండి. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉన్నా, చావు ఆలోచనలు వచ్చినా 14416 టెలి మానస్‌కు చేయండి, ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడతారు.

రాఘవ ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు. యాభై ఏళ్లు దాటాక సినిమాల్లోకి వెళ్లి ద్రౌపదీ మానసంరక్షణం, రైతుబిడ్డ, చండిక చిత్రాల్లో నటించారు. సినిమా ఆయనకు అంతగా పట్టుబడలేదనే నా అభిప్రాయం. ఎదురుగా మనుషులుంటేనే ఆయన రాణించారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. 1981లో ఆయన పేర తపాలా బిళ్ల వచ్చింది. బళ్లారిలో ఆయన పేరుతో కళామందిరం ఉంది, అటు వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి చూసి రండి.