స్కాట్ మహాశయుని వాకిట వేటకుక్క

సాలూరు పట్టణం దాటి, సుంకి మీదుగా కొరాపుట్టుకు ఎక్కే కొండదారిని పోయినవారికి తూర్పు కనుమల స్వరూపం తెలిసినదే. ఆ కొండల మన్యసీమలో చైత్రమాసపు ఇటుకల పండుగకు మగవారు విల్లంబులు పట్టి వేటకు పోవడం తరతరాల ఆచారం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినది. అయినను వేటగానికీ కుక్కకూ గల చెలిమి చట్టాలకంటె, రాజ్యాలకంటె పాతది. ఎక్కడి కొండసీమలోనైనా అది ఒక్కటే. స్కాట్లండు సరిహద్దు కొండలలో పెరిగి, ఆ చెలిమికి ఆంగ్ల వాఙ్మయంలో శాశ్వతస్థానం కల్పించినవాడు సర్ వాల్టర్ స్కాట్. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని ఆంధ్ర స్కాట్ అని గౌరవించుకొన్న మనకు ఆయన పేరు కొత్తది కాదు. ఆయన నవలలను ఎరిగిన వారిలో సైతం ఆయన కుక్కల కథ ఎరిగినవారు కొద్దిమందే.

స్కాట్ 1771 ఆగస్టు 15న ఎడింబరో నగరంలో జన్మించినాడు. ఏడాదిన్నర వయసులో జ్వరం తగిలి కుడికాలు చచ్చుపడినది. పల్లెగాలికి నయమగునేమోనన్న ఆశతో తల్లిదండ్రులు ఆ పసివానిని తాతగారి పొలానికి పంపినారు. అప్పుడే ఒలిచిన గొర్రెతోలులో బిడ్డను చుట్టి నేలమీద ప్రాకించడం ఆ ఇంట చేసిన చికిత్సలలో ఒకటి. కాలు బాగుపడలేదు గాని, నాయనమ్మ చెప్పిన యుద్ధగాథలు, గొర్రెల కాపరుల సావాసం, కొండగాలి ఆయనను కవిని చేసినవి. కుంటికాలితోనే కొండలెక్కడం, గుఱ్ఱపుస్వారి, కుక్కలను వెంటబెట్టుకొని కుందేళ్ళ వేట, అన్నీ అలవడినవి.

న్యాయవాదిగా జీవితం ఆరంభించి, 1799లో సెల్కర్క్ మండలానికి షెరీఫ్ పదవి పొంది, 1805 నుండి వరుసగా కథాకావ్యాలు ప్రకటించి స్కాట్ దేశమంతటా ప్రసిద్ధి కెక్కినాడు. ఆ రోజులలో ఆయన నీడవలె తిరిగినది క్యాంప్ అనే బుల్ టెర్రియర్. 1808లో చిత్రకారుడు రేబర్న్ వ్రాసిన స్కాట్ చిత్రపటంలో ఆ కుక్కకు కూడ చోటు దక్కినది. 1809లో క్యాంప్ చనిపోగా, ఎడింబరోలోని ఇంటి తోటలో వెన్నెలరాత్రి దానిని పాతిపెట్టినారు. కుటుంబమంతా కంటతడితో చుట్టూ నిలిచినది. ఆ రాత్రి స్కాట్ ఒక విందుకు వెళ్ళవలసి యున్నది. ప్రియమైన పాతమిత్రుడు మరణించినందున రాలేనని ఆయన కబురు పంపినాడు. అది సాకు కాదని ఆ ఇంటివారందరికీ తెలుసు.

1811లో ట్వీడ్ నది ఒడ్డున కొంత పొలం కొని, దానికి ఆబ్బట్స్‌ఫర్డ్ అని పేరుపెట్టి, క్రమంగా అక్కడ కోటవంటి భవనం నిర్మించినాడు. 1814లో వేవర్లీ నవల రచయిత పేరు లేకుండ వెలువడినది. తరువాతి నవలలు కూడ అట్లే వెలువడి యూరపు నంతటిని ముగ్ధులను చేసినవి. ఈ వైభవకాలంలోనే గ్లెన్‌గరీ ప్రభువు మాక్డొనెల్ ఆయనకు ఒక వేటకుక్కను కానుకగా పంపినాడు. అదే మెయిడా. ఆ ప్రభువు సోదరుడు పోరాడిన 1806 నాటి ఇటలీ యుద్ధరంగం పేరే దానికి పెట్టినారు. దాని తల్లి లేళ్ళను వేటాడే హైలాండు జాతిది. తండ్రి పిరనీస్ పర్వతాల జాతిది. ముక్కు కొన నుండి తోక కొన వరకు సుమారు 6 అడుగుల పొడవు. అంతటి మృగం స్కాట్ వ్రాసికొనే గదిలో ఆయన పాదాల చెంత మౌనంగా పడియుండేది. ఆబ్బట్స్‌ఫర్డుకు వచ్చిన చిత్రకారులందరికి అది కూర్చొని కూర్చొని విసిగి, కుంచెలు కనబడితే చాలు, లేచి వెళ్ళిపోయేదట.

వృద్ధాప్యం మీదపడి 1824 అక్టోబరులో మెయిడా మరణించినది. కడుపారా తిని, తన గడ్డిపరుపు మీద ప్రశాంతంగా కన్నుమూసినది. ముందే చెక్కించి వాకిట నిలిపిన దాని శిలాప్రతిమ క్రిందనే స్కాట్ దానికి సమాధి కట్టించి, రెండు పాదాల లాటిన్ పద్యం చెక్కించినాడు. ఆ పద్యం అల్లుడు లాక్‌హార్ట్ చెప్పినది. అందులో ఛందోదోషం కలదని పత్రికలలో విమర్శ రేగగా, స్కాట్ అల్లుని పేరెత్తక, ఆ పద్యం తనదేనని పత్రికకు ఉత్తరం వ్రాసి ఆ తప్పును తన నెత్తిన వేసికొన్నాడు. మరుసటి ఏడు వెలువడిన టాలిస్మన్ నవలలో యజమాని కావలి కాయవలసిన ధ్వజాన్ని కాపాడుతూ గాయపడి, పిదప దోషిని గుర్తుపట్టిన రోస్వాల్ ఈ జాతి వేటకుక్కయే. 1826 నాటి వుడ్‌స్టాక్ నవలలోని బెవిస్‌లోనైతే పాఠకులు మెయిడానే గుర్తించినారు.

మెయిడాకు వీడ్కోలు చెప్పడం కాలధర్మం. అంతకంటె కఠినమైన వీడ్కోలు ఏడాది తరువాత ఎదురైనది. స్కాట్ భాగస్వామిగా ఉన్న ముద్రణాలయం, దానితో ముడిపడిన ప్రచురణసంస్థ దివాలా అంచుకు చేరినవి. 1825 డిసెంబరు 18న ఆయన తన దినచర్యలో కష్టాల నన్నిటిని తలపోసుకొన్నాడు. ఇల్లు పోవును, తాను నాటిన చెట్లు పరుల పాలగును. వీటన్నిటికంటె ఆయనను కలచివేసినది కుక్కలను విడవవలసి వచ్చునన్న తలంపు. అవి తనకోసం వృథాగా ఎదురుచూచునని, వాటికి దయగల యజమానులను వెదకవలెనని వ్రాసికొన్నాడు. మోకాళ్ళపై వాటి పాదాల స్పర్శ తోచి, వాటి మూలుగులు వినవచ్చినట్లు భ్రమ కలిగినది. అప్పు సంగతి మనుష్యులకు చెప్పవచ్చు. మూగప్రాణికి ఏమని చెప్పగలడు?

1826 జనవరిలో పతనం పూర్తియైనది. ఆయనపై పడిన ఋణభారం సుమారు 1,20,000 పౌన్లు. ఆ మే నెలలో భార్య షార్లెట్ మరణించినది. స్నేహితుల సహాయం నిరాకరించి, ఋణమంతా కలంతోనే తీర్చెదనని స్కాట్ పూనుకొన్నాడు. ఎడింబరోలోని ఇల్లు అమ్ముడైనది. ఆబ్బట్స్‌ఫర్డులో నివసించుటకు మాత్రం ఋణదాతలు సమ్మతించినారు. అందుచేత ఆయన భయపడిన ఆ వీడ్కోలు తప్పిపోయినది. కుక్కలు ఆయనవద్దనే ఉన్నవి. 1827లో నెపోలియన్ చరిత్రను తొమ్మిది సంపుటాలుగా వెలువరించినాడు. పక్షవాతం వచ్చినను కలం విడువలేదు. మిగిలిన ఋణం ఆయన మరణానంతరం గ్రంథాల రాబడితో తీరినది.

ఆరోగ్యంకోసం ఇటలీకి వెళ్ళిన స్కాట్ 1832 జూలైలో స్పృహ తప్పుతూ వచ్చుచున్న స్థితిలో ఇంటికి చేరినాడు. కుక్కలు కుర్చీ చుట్టూ మూగి చేతులు నాకినవి. ఆయన వాటిని చూచి ఒకసారి ఏడ్చుచు, ఒకసారి నవ్వుచు, నిద్రలోకి జారినాడు. సెప్టెంబరు 21న, తెరచిన కిటికీ గుండా ట్వీడ్ నది గలగలలు వినవచ్చుచుండగా ప్రాణం విడిచినాడు. డ్రైబరో మఠ శిథిలాలలో ఆయన సమాధి కలదు. ఎడింబరో నగరంలోని ఆయన స్మారకగోపురంలో 1846లో ఆవిష్కరించిన పాలరాతి విగ్రహం ప్రక్కన మెయిడా కూర్చున్నది. ఆబ్బట్స్‌ఫర్డ్ వాకిట దాని శిలాప్రతిమ నేటికిని కలదు.