జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీ, ఆయన ఖాందాన్

ఈ సావనీరుకు ఒక పెద్దమనిషి జీవితం వ్రాసి ఇమ్మని కార్యవర్గం వారు అడిగినప్పుడు మాకు మొదట తోచిన పేరు బద్రుద్దీన్ తయ్యబ్జీ. సర్ సయ్యద్ పేరు మన పిల్లలకు తెలుసు, మౌలానా ఆజాద్ పేరు తెలుసు. తయ్యబ్జీ ఎవరని క్లాసులో అడిగి చూసినాము. ఒక్క చెయ్యి లేవలేదు. తప్పు పిల్లలది కాదు. చెప్పనిది మేమే.

ఆయన 1844 అక్టోబరు 10వ తేదీన బొంబాయిలో పుట్టినారు. వాలిద్ ముల్లా తయ్యబ్ అలీ గారు సులేమానీ బోహ్రా వర్తకులు. వారి పూర్వీకులు గుజరాతులోని ఖంబాత్ నుండి వచ్చినవారు. ఇంగ్లీషు చదివితే ఈమాన్ పోతుందని పెద్దలు భయపడే ఆ రోజులలో, ముల్లా సాహెబ్ తన కొడుకులను చదువు కోసం సముద్రం దాటించినారు. పెద్ద కొడుకులలో ఒకరైన కమరుద్దీన్ గారు ఇంగ్లండులో సొలిసిటర్ అయిన మొదటి హిందుస్తానీ. వీరి ఇంటి భాష గుజరాతీ. దానిని వదిలి ఉర్దూకు మారినారు. ఉర్దూ టీచర్లం కాబట్టి ఈ ముక్క మాకు తీపిగా తగిలింది, దాచడమెందుకు? ఇంట్లో అఖ్బార్ అనే పేరుతో పెద్ద పుస్తకాలు పెట్టుకొని, వచ్చిన చుట్టాలు, పిల్లలు, ఆడవాళ్ళు అందరూ ఇంటి సంగతులు అందులో వ్రాసేవారట. ఆడవాళ్ళకు కలం ఇచ్చిన ఇల్లు అది!

బద్రుద్దీన్ గారు మొదట మదర్సాలో, తర్వాత ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చదివి 1860లో విలాయతు పోయినారు. మిడిల్ టెంపుల్‌లో బారిస్టరీ చదువుతుండగా కళ్ళు పాడైనాయి. 1864లో చదువు ఆపి ఇంటికి రావలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, చూపు పోతుందేమోనని బెంగ, సగంలో నిలిచిన చదువు. ఇంకొకరైతే దుకాణంలో కూర్చునేవారు, ఎలాగూ వర్తకుల ఇల్లేగదా. ఆయన మరుసటి సంవత్సరమే మళ్ళీ ఓడ ఎక్కినారు. 1867లో బారిస్టరై, ఆ యేడు చివరలోనే బొంబాయి హైకోర్టులో మొట్టమొదటి దేశీయ బారిస్టరుగా నిలబడినారు.

ప్రాక్టీసు బాగా సాగింది. మునిసిపాలిటీ, యూనివర్సిటీ సెనేటు, 1882లో లెజిస్లేటివ్ కౌన్సిలు, ఇవన్నీ వరుసగా వచ్చినాయి. ఫిరోజ్‌షా మెహతా, కాశీనాథ్ తేలంగ్ గార్లతో కలిసి 1885లో బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెట్టినారు. ఒకరు పార్సీ, ఒకరు హిందువు, ఒకరు ముసల్మాను.

మా మట్టుకు మాకు వీటన్నిటికంటే ముఖ్యమైన పని అంజుమనె ఇస్లాం. 1874లో కమరుద్దీన్ గారూ, ఈయనా, మరికొందరూ కలిసి దానిని స్థాపించినారు. 1880లో స్కూలు తెరిచినారు. బోరీబందర్ స్టేషన్ ఎదుట నేటికీ కనిపించే ఆ పెద్ద భవనం 1893 నాటికి లేచింది. 1890 నుండి చనిపోయేవరకు అంజుమన్ అధ్యక్షులు బద్రుద్దీన్ గారే. చందాలు అడిగి బడి నడపడం ఎంత కష్టమో మన సొసైటీ వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక 1887 సంగతి. ఆ డిసెంబరులో మద్రాసులో మూడవ కాంగ్రెసు మహాసభ జరిగింది. అప్పటికి కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాజధానిలోనివే. ఆరువందలకు పైగా ప్రతినిధులు కూడిన ఆ సభకు అధ్యక్షత వహించినవారు బద్రుద్దీన్ గారు. కాంగ్రెసుకు అధ్యక్షుడైన మొదటి ముసల్మాను ఆయనే. సరిగ్గా ఆ రోజులలోనే లక్నోలో సర్ సయ్యద్ కాంగ్రెసుకు వ్యతిరేకంగా ఉపన్యసించినారు. తర్వాత ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచినాయి. ముసల్మానులు వెనుకబడి యున్నారని ఇద్దరికీ తెలుసు. వెనుకబడినవారు దూరంగా ఉండి ముందు చదువుకోవాలని సర్ సయ్యద్, లోపల కూర్చొనే తమ మేలు కాపాడుకోవాలని తయ్యబ్జీ. మా ఇంట్లోనే మా తాతగారి కాలం నుండి ఈ రెండు పక్షాలూ ఉన్నాయి!

ఇక్కడ ఒక మాట దాచకూడదు. 1888లో ముసల్మానులలో వ్యతిరేకత ఎక్కువైనప్పుడు బద్రుద్దీన్ గారే కాంగ్రెసును కొన్నాళ్ళు, కనీసం ఐదేళ్ళు, ఆపి ఉంచితే మంచిదేమోనని హ్యూమ్ దొరకు వ్రాసినారు. దీనిని పిరికితనం అనేవారున్నారు. మేము అట్లా అనుకోము. తనవారిని వదిలి ఒంటరిగా ముందుకు పోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఆ యేడు అలహాబాదు సభలో, హిందువులు గాని ముస్లిములు గాని ఇంచుమించు ఏకగ్రీవంగా వద్దన్న విషయాన్ని చర్చించరాదని తీర్మానమైంది. తర్వాత 1903లో సర్ సయ్యద్ స్థాపించిన విద్యా మహాసభ బొంబాయిలో జరిగితే, దానికీ అధ్యక్షులు బద్రుద్దీన్ గారే.

1895లో ఆయన బొంబాయి హైకోర్టు జడ్జీ అయినారు. ఆ కోర్టులో ఆ పదవికి వచ్చిన మొదటి ముసల్మాను. రెండేళ్ళకు తిలక్ గారిపై రాజద్రోహం కేసు వచ్చింది. మెజిస్ట్రేటు బెయిలు ఇవ్వలేదు, హైకోర్టులో కూడా ఒకసారి కాదన్నారు. ఆ దరఖాస్తు మళ్ళీ తయ్యబ్జీ గారి ముందుకు వచ్చింది. తిలక్ రాజకీయం వేరు, ఈయన రాజకీయం వేరు. పైగా సర్కారు కోపంగా ఉన్న సమయం. అయినా విచారణ కాని మనిషి తన వాదన తయారుచేసుకొనడానికి బయట ఉండాలి గదా అని బెయిలు ఇచ్చినారు. అప్పుడు తిలక్ తరఫున వాదించిన దావర్ గారే 1908లో జడ్జీగా కూర్చొని ఆయనకు ఆరేళ్ళ ప్రవాస శిక్ష వేసినారు. లోకం తీరు!

1902లో బద్రుద్దీన్ గారు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినారు. ఇంట్లో పర్దా తీసివేసినారు, కూతుళ్ళను చదివించినారు, 1904లో ఇద్దరిని ఇంగ్లండు బోర్డింగు స్కూలుకు పంపినారు. ఏడవ తరగతి కాగానే అమ్మాయిని మాన్పించే తండ్రులు మా బడిలో నేటికీ ఉన్నారు. 1906 ఆగస్టులో సెలవుపై లండనులో ఉండగా గుండె ఆగి మరణించినారు.

కుమారుడు ఫైజ్ గారు జడ్జీ అయినారు. ముస్లిం న్యాయశాస్త్రంపై ఆయన వ్రాసిన గ్రంథం వకీళ్ళ బల్లలపై చాలాకాలం ఉంది. మనుమడు, తాతగారి పేరే పెట్టుకున్న బద్రుద్దీన్, ఐ.సి.యస్. అధికారియై, రాయబారిగా పనిచేసి, అలీగఢ్ వైస్ ఛాన్సలర్ కూడా అయినారు. ఆ ఇంటి ఆడపడుచు అమీనా, సర్ అక్బర్ హైదరీ గారి బేగం, 1908 మూసీ వరదలప్పుడు హైదరాబాదులో చేసిన సేవకు కైసరె హింద్ పతకం పొందినారు.

అన్న కొడుకు అబ్బాస్ తయ్యబ్జీ బరోడా సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తి. సర్కారుకు నమ్మకస్థుడైన మనిషి. 1919లో జలియన్‌వాలా బాగ్ మారణకాండపై కాంగ్రెసు వేసిన విచారణ సంఘంలో కూర్చొని సాక్షుల మాటలు విన్న తర్వాత ఆయన మారిపోయినారు, ఖద్దరు కట్టినారు. 1930 మే నెలలో గాంధీజీని అరెస్టు చేయగానే ధరాసనా ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం ఆయనకు వచ్చింది. వయస్సు డెబ్బయి ఆరు. తెల్లగడ్డంతో ముందు నడిచిన ఆ ముసలి జడ్జీగారిని దారిలోనే పట్టుకొని జైలుకు పంపినారు. ఆయన వదిలిన చోట అందుకున్నది మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు.