రెండు బిందువులు కూడితే మూడోది: మోర్డెల్ జీవితం

గొప్పవాళ్ళ జీవితాలంటే మనకు గాంధీగారో, ఐన్‌స్టీనో గుర్తుకొస్తారు. నేను మాత్రం లూయీ మోర్డెల్ గురించి రాయదలిచాను.

ఆయన 1888లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదులు. పాత పుస్తకాల దుకాణంలో కొద్ది సెంట్లకు దొరికిన గణిత గ్రంథాలే ఆయనకు గురువులు. ఆ పుస్తకాల్లో కేంబ్రిడ్జి పరీక్షల లెక్కలు చాలా ఉండేవి. ఇంకేం, కేంబ్రిడ్జి మీద మనసు పడింది! 1906లో ఓడెక్కి వెళ్ళి, స్కాలర్‌షిప్ పరీక్షలో మొదటివాడుగా నిలిచాడు. 1909లో ట్రైపాస్‌లో మూడో స్థానం. అయినా కాలేజీ ఫెలోషిప్ దక్కలేదు. సంఖ్యాశాస్త్రానికి అప్పట్లో ఇంగ్లండులో ఆదరణ తక్కువ. ఆయన నిరాశపడి దారి మార్చుకోలేదు. 1917లో, మన రామానుజన్ టౌ ప్రమేయం గురించి ఊహించిన ఒక ధర్మాన్ని రుజువు చేశాడు.

ఆయనకు ప్రాణప్రదమైన సమస్య ఏమిటో చెబుతాను. వై² = ఎక్స్³ + 17 అనే వక్రం తీసుకోండి. దాని మీద (-2, 3), (2, 5) ఉన్నాయి. రెంటినీ కలుపుతూ గీత గీస్తే, అది వక్రాన్ని (1/4, 33/8) వద్ద మళ్ళీ ఖండిస్తుంది. కావాలంటే లెక్కేసి చూడండి! దాన్ని ఎక్స్ అక్షానికి అవతలి వైపు ప్రతిబింబిస్తే వచ్చే (1/4, -33/8) మొదటి రెండింటి మొత్తం. ఒక బిందువును దానికే కూడాలంటే స్పర్శరేఖ గీస్తే సరి. భిన్నాలతో మొదలెడితే భిన్నాలే వస్తాయి. కరణీయ సంఖ్యలు దూరవు.

ఇలా కూడుతూ పోతే అంతెక్కడ? ఈ వక్రం మీది అకరణీయ బిందువులు అనంతం. కానీ అన్నీ ఆ రెండింటిని కూడుతూ, తీసివేస్తూ పుట్టించగలిగినవే! ఇలాంటి ఏ వక్రానికైనా పరిమితమైన కొన్ని మూలబిందువులు చాలునని 1922లో మోర్డెల్ రుజువు చేశాడు. 1901లో పాయింకరే దీన్ని ఉన్నదిగానే భావించి ముందుకు సాగాడు; రుజువిచ్చింది మాత్రం మోర్డెలే.

1930లలో మాంచెస్టర్‌లో ఆచార్యుడుగా ఉంటూ, హిట్లర్ పాలన వల్ల నిలువ నీడ లేని గణితజ్ఞులకు ఆశ్రయం చూపించాడు. 1945లో కేంబ్రిడ్జిలో హార్డీ పీఠాన్ని అధిష్ఠించాడు. 1972లో కన్నుమూశాడు. 1922లోనే ఆయన ప్రతిపాదించిన మరో ఊహను 1983లో ఫాల్టింగ్స్ రుజువు చేశాడు.

ఏ వక్రమిచ్చినా ఎన్ని మూలబిందువులు కావాలో తప్పక తేల్చే పద్ధతికి నేటికీ రుజువు లేదు. మన క్లాసు చివరి బెంచీలో కూచునే వాడైనా సరే, ఆ పని చేపట్టవచ్చు. కాగితం, పెన్సిలు, మోర్డెల్ ఓపిక ఉంటే మొదలెట్టొచ్చు.