శుక్రుడికి కాపు కాసిన మనవాడు

విశాఖపట్నం డాబాగార్డెన్స్ అంటే మనకు బస్సులు, దుకాణాలు, రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే దీపాలు. ఒకప్పుడు అక్కడ ఖగోళ పరిశోధనశాల ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. మన విజయనగరం కూడా విశాఖ జిల్లాలోనే ఉన్న కాలం అది.

గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలో దాన్ని సొంతంగా నెలకొల్పారు. 1856లో ఆయన పోయాక ఆ భారం అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారి (1827-1892) మీద పడింది. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1871లో ఆయన్ని ఫెలోగా తీసుకుంది.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచాడు. అంతకుముందు అలా జరిగింది 1769లో! సూర్యుడి అంచును శుక్రుడు ఏ క్షణాన తాకాడో వేరువేరు ఊళ్ళలో గుర్తించి పోల్చితే సూర్యుడు మనకెంత దూరమో లెక్క తేలుతుంది. అందుకే ఎన్నో దేశాల బృందాలు ఫోటో పరికరాలతో ఓడలెక్కాయి. నరసింగరావుగారు విశాఖలోనే ఆరంగుళాల కుక్ దూరదర్శినితో కాపు కాశారు. చూసింది చూసినట్టు రాసి సొసైటీకి పంపారు.

ఆయన పోయాక భార్య అచ్చయ్యమ్మగారు 1894లో పరిశోధనశాలను సర్కారుకు అప్పగించారు. కొద్ది ఏళ్ళకే అది మూతపడింది. సొసైటీ పత్రికలో అచ్చయిన ఆయన లెక్కలు మాత్రం ఉన్నాయి.

హాస్టలు డాబా ఎక్కి చంద్రుణ్ణి ఫోటో తీసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వీధిదీపాల వెలుతురులో మనకు చుక్కలు తక్కువే కనిపిస్తాయి. అయినా ప్రతి ఫోటోకీ తేదీ, వేళ, ఊరు రాసిపెట్టండి. మీ తర్వాతెవరికో ఆ లెక్క అక్కరకొస్తుంది.