నొప్పిని గెలిచాడు... ఓటమికి తట్టుకోలేకపోయాడు

పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటేనే చాలామందికి గుండెల్లో దడ. నొప్పి భరించలేనంత అయ్యేదాకా లవంగ నూనెతో నెట్టుకొచ్చేస్తుంటారు. అలాంటి భయస్తుల కోసమే ఇప్పుడు డెంటల్ క్లినిక్‌లలో సెడేషన్ పద్ధతి ఉంది. ముక్కుకు చిన్న మాస్క్ పెట్టి, ఆక్సిజన్‌తో కలిపి నైట్రస్ ఆక్సైడ్ ఇస్తారు. పేషెంట్ మెలకువగానే ఉంటాడు, డాక్టర్ అడిగితే జవాబూ చెబుతాడు. ఆందోళన మాత్రం తగ్గిపోతుంది. గ్యాస్ ఆపిన కొద్ది నిమిషాల్లోనే మామూలు మనిషవుతాడు. ఈ దారి మొదట తొక్కిన డెంటిస్ట్ హొరేస్ వెల్స్. ప్రపంచానికి ఇంత మేలు చేసినవాడు 33 ఏళ్లకే జైలు గదిలో ఎందుకు కన్నుమూశాడు? కెరియర్ మొదలుపెట్టబోయే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన కథ ఇది.

వినోదంలో దొరికిన విజ్ఞానం

వెల్స్ 1815లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. బోస్టన్‌లో దంతవైద్యం నేర్చుకుని, 1836లో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో ప్రాక్టీస్ పెట్టాడు. చేతి పని బాగుండటంతో త్వరగానే పేరొచ్చింది. కానీ అప్పట్లో పన్ను పీకడమంటే పేషెంట్‌కు నరకమే. ఆ కేకలు, ఏడుపులు వెల్స్‌ను కలచివేసేవి.

1844 డిసెంబరు 10న హార్ట్‌ఫర్డ్‌లో గార్డ్‌నర్ కోల్టన్ అనే వ్యక్తి లాఫింగ్ గ్యాస్ ప్రదర్శన పెట్టాడు. గ్యాస్ పీల్చి ఊగిపోతూ నవ్వుతున్నవాళ్లను చూసి జనం కూడా పడీపడీ నవ్వుతున్నారు. వాళ్లలో శామ్యూల్ కూలీ అనే యువకుడి కాలికి గట్టి దెబ్బ తగిలింది. అయినా అతడికి నొప్పే తెలియలేదు. అందరూ నవ్వుకుని ఇంటికెళ్లారు. వెల్స్ ఒక్కడే ఆలోచనలో పడ్డాడు.

నిజానికి ఈ గ్యాస్ నొప్పిని తగ్గిస్తుందనీ, ఆపరేషన్లకు పనికిరావచ్చనీ హంఫ్రీ డేవీ 1800లోనే రాశాడు. నలభై ఏళ్లు దాటినా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. వెల్స్ తెల్లారేసరికి ప్రయోగానికి దిగాడు, అదీ తన మీదే. కోల్టన్ గ్యాస్ ఇస్తే, తోటి డెంటిస్ట్ జాన్ రిగ్స్ వెల్స్ పన్ను పీకాడు. నొప్పి దాదాపు తెలియలేదు. తర్వాత కొద్ది వారాల్లో డజనుకు పైగా పేషెంట్లకు ఇలాగే చేశాడు. పేటెంట్ జోలికి పోకుండా తోటి డెంటిస్టులకూ పద్ధతి చెప్పాడు.

ఒక్క కేకతో తలకిందులు

1845 జనవరిలో బోస్టన్ వెళ్లి వైద్య విద్యార్థులు, డాక్టర్ల ముందు ప్రదర్శన ఇచ్చాడు. గ్యాస్ సంచిని కాస్త ముందే తీసేశారు. పన్ను పీకుతుండగా పేషెంట్ అరిచాడు. అంతే, హాలంతా ఎగతాళి. మోసగాడన్న ముద్ర పడిపోయింది. తనకు పెద్దగా నొప్పి తెలియలేదని ఆ పేషెంట్ తర్వాత చెప్పాడు. కానీ అప్పటికి వినేవాళ్లెవరు?

వెల్స్ మనసు విరిగింది. ఆరోగ్యం దెబ్బతింది. ప్రాక్టీస్ కుంటుపడింది. 1846 అక్టోబరు 16న అతడి పాత శిష్యుడు, ఒకప్పటి భాగస్వామి విలియం మోర్టన్ అదే బోస్టన్‌లో ఈథర్‌తో నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయించి చూపాడు. పేరంతా మోర్టన్‌కు వెళ్లింది.

గుర్తింపు కోసం వెల్స్ చాలా పోరాడాడు. 1848లో న్యూయార్క్ చేరి క్లోరోఫాంను తన మీదే పదే పదే ప్రయోగించుకుని దానికి బానిసయ్యాడు. ఆ మత్తులో దారినపోయే మహిళల మీద యాసిడ్ చల్లి అరెస్టయ్యాడు. మత్తు దిగాక చేసిన పని తెలిసి కుంగిపోయి, జనవరి 24న జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు. నొప్పి లేని ఆపరేషన్లకు ఆద్యుడు వెల్సేనని ప్యారిస్ వైద్య సంఘం గుర్తించిన కబురు ఆ తర్వాతే చేరింది. 1864లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కూడా ఆ ఘనత అతడిదేనని తేల్చింది.

మనకేంటి?

వెల్స్ ఆలోచన తప్పు కాదు, తయారీయే చాలలేదు. గ్యాస్ ఎంతసేపు ఇవ్వాలో, ఎవరికి ఎంత సరిపోతుందో లెక్క తేలకముందే పెద్ద వేదిక ఎక్కేశాడు. ఇంటర్వ్యూ అయినా, ప్రాజెక్ట్ డెమో అయినా ఇదే సూత్రం. మనకు వచ్చు అనుకోవడం వేరు, పదిమంది ముందు తడబడకుండా చేసి చూపడం వేరు.

ఇక రెండోది. ఆ రోజు హాల్లో నవ్వినవాళ్లు తీర్పిచ్చింది ఒక ప్రదర్శన మీదే. వెల్స్ దాన్ని తన జీవితం మీద తీర్పుగా తీసుకున్నాడు. 1863లో కోల్టన్ మళ్లీ అదే గ్యాస్‌తో వేలమందికి నొప్పి లేకుండా పళ్లు పీకించి దాన్ని నిలబెట్టాడు. ఇంకో పదిహేనేళ్లు ఉండి ఉంటే వెల్స్ తన గెలుపును కళ్లారా చూసేవాడు. రిజెక్షన్ మెయిల్ వచ్చినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. బాధ మరీ ముంచేస్తుంటే లోపలే దాచుకోవద్దు. ఇంట్లోవాళ్లతోనో, స్నేహితులతోనో మాట్లాడండి. లేదంటే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.