రాబర్ట్ హుక్

సరకు దింపి చెట్టునీడను నిలిచియున్న లారీ యడుగుభాగమును వంగి చూచినచో, వెనుక ఇరుసునకు ఇరుప్రక్కల విల్లువలె వంగిన ఉక్కు పట్టీల దొంతరలు కనబడును. వానిని మన మెకానిక్కులు కమాను కట్టలందురు. కమాను అనగా విల్లే గదా! ఇంజను వైపునుండి ఆ ఇరుసు వరకు పొడవైన ఉక్కు కడ్డీ యొకటి పోవుచుండును. దాని కొనలయందు, ఏ వైపునకు వంగినను తిరుగుట మానని కీళ్లుండును. ఎంత బరువునకు స్ప్రింగు ఎంత వంగునో తెలుపు సూత్రమును కనుగొన్నవాడును, అట్టి కీలును వర్ణించి పనికి పెట్టి చూపినవాడును ఒక్కడే. ఆయన కాలమున లారీలు లేవు, ఇంజనులును లేవు, ఉన్నవి గుఱ్ఱపు బండ్లే. ఆయన పేరు రాబర్ట్ హుక్.

హుక్ 1635వ సంవత్సరము జూలై 18వ తేదీన ఇంగ్లండునకు దక్షిణముననున్న వైట్ ద్వీపమున, ఫ్రెష్‌వాటర్ అను గ్రామమున జన్మించెను. తండ్రి అచటి చర్చిలో మతాచార్యుడు. బాలుడు మిక్కిలి బలహీనుడు. తరచుగా తలనొప్పి వచ్చుటచే చదువు సాగకుండెను. చదువు మానిన వేళల చేతులు మాత్రము ఊరకుండలేదు. ఒకనాడు విప్పియున్న ఇత్తడి గడియారమును చూచి, కొయ్యతో అట్టిదానిని తానే చేసెను. అది నడచెను కూడ. గజమంత పొడవు గల ఓడను చెక్కి, చిన్న ఫిరంగులు అమర్చి, నీటిపై పోవునప్పుడు అవి ప్రేలునట్లు చేసెను.

పదుమూడవ ఏట తండ్రి మరణించెను. పిత్రార్జితమైన కొద్దిపాటి ధనముతో బాలుడు లండను నగరము చేరి, పీటర్ లీలీ అను చిత్రకారుని యొద్ద శిష్యుడుగా చేరెను. రంగుల వాసన తలనొప్పిని పెంచుటచే ఆ పని విడిచి వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో ప్రవేశించెను. అచటి ప్రధానోపాధ్యాయుడు బస్బీ బెత్తమునకు పేరుపడినవాడు. అయినను ఆయన ఈ అనాథ బాలుని తన యింటనే ఉంచుకొని చదివించెను. ఈ యొక్క పనికై బస్బీ బెత్తమును మనము కొంత క్షమింపవచ్చునని నాకు తోచును. అక్కడనే హుక్ గణితమును, ప్రాచీన భాషలను నేర్చెను. పదునారవ ఏటినుండి ఆయన వెన్ను వంగసాగెను. లేతుపై వంగి పనిచేయుటయే దానికి కారణమని ఆయన తలచెను. ఆ వంకర జీవితాంతము పోలేదు.

1653లో ఆయన ఆక్స్‌ఫర్డు చేరి, కొంతకాలమునకు రాబర్ట్ బాయిల్ అను శాస్త్రవేత్తకు సహాయకుడయ్యెను. బాయిల్ కొఱకు ఆయన నిర్మించిన గాలిపంపుతో జరిగిన పరీక్షలవలన గాలికి కూడ స్ప్రింగు గుణము కలదని రూఢియయ్యెను. గాలిని నొక్కినకొలది అది తిరిగి నెట్టును. నేడు దూరప్రయాణపు బస్సులు అనేకము ఉక్కు కమానులపై గాక, గాలి నింపిన రబ్బరు తిత్తులపై నిలిచి పోవుచున్నవి.

1662లో రాయల్ సొసైటీ అను విద్వత్సభ ఆయనను పరీక్షల నిర్వాహకునిగా నియమించెను. సభ కూడినప్పుడెల్ల క్రొత్త పరీక్షలను చేసి చూపుట ఆయన విధి. 1665లో ఆయన సూక్ష్మదర్శినితో చూచిన వింతలను చిత్రములతో ప్రకటించెను. బెండు ముక్కలోని చిన్న చిన్న గదులకు సెల్ అను పేరు పెట్టినది ఆయనయే. మనము కణము అనుచున్నది ఆ మాటకు తెలుగే.

ఆ సంవత్సరముననే లండనులో మహామారి చెలరేగెను. జనులు నగరమును విడిచి పోయిరి. హుక్ ఇద్దరు మిత్రులతో ఎప్సం సమీపమునగల యొక భవనమున తలదాచుకొనెను. ఆగష్టు మాసమున అచటికి వెళ్లిన ఈవ్లిన్ అను పెద్దమనిషి, ఈ మువ్వురును క్రొత్తరకపు బండ్లను కల్పించుచుండగా చూచి తన దినచర్యలో వ్రాసికొనెను. అంతకుముందే, మే నెలలో, సొసైటీ సభ్యులు స్ప్రింగులు అమర్చిన బండ్లను నడిపించి పరీక్షించియుండిరి. స్ప్రింగు లేని బండిచక్రము రాయి నెక్కినచో బండి బరువంతయు ఆ రాతితోపాటు ఎగురవలెను. ఆ ఎత్తు గుఱ్ఱముపైనే పడును. స్ప్రింగున్నచో చక్రము మాత్రమే లేచును, పైనున్న పెట్టె అంతగా కదలదు. ఎడ్లబండిలోను జట్కాలోను ప్రయాణము చేసిన పెద్దలను అడిగినచో ఈ భేదమును బాగుగ చెప్పగలరు.

మరుసటి యేట లండను అగ్నికి ఆహుతియయ్యెను. దగ్ధమైన నగరమును కొలిచి హద్దులు నిర్ణయించువారిలో హుక్ ఒకడు. క్రిస్టఫర్ రెన్‌తో కలిసి ఆయన నిర్మించిన 202 అడుగుల స్మారకస్తంభము ఇప్పటికిని అచట నిలిచియున్నది.

ఇట్లు పలు పనులలో మునిగియున్నను ఆయన స్ప్రింగులను మరువలేదు. ఇరువది, ముప్పది, నలువది అడుగుల పొడవు గల తీగలను వ్రేలాడదీసి, క్రింద తట్టకట్టి, తూనికరాళ్లు ఒక్కొక్కటిగా వేయుచు తీగ సాగుటను కొలిచెను. చుట్టగా చుట్టిన తీగను, గడియారపు స్ప్రింగును, ఎండిన కొయ్యను కూడ పరీక్షించెను. అన్నిట ఒక్కటే ధర్మము కనబడెను. బరువు రెట్టింపైనచో సాగుట రెట్టింపగును, మూడింతలైనచో మూడింతలగును. బరువు తీసినచో వస్తువు యథాస్థితికి వచ్చును. అయితే ఇది ఒక హద్దువరకే. హద్దు మీరి లాగిన తీగ సాగియే యుండును, లేదా తెగును.

1675లో హాలండు దేశీయుడైన హైగెన్స్ గడియారపు చక్రమునకు చుట్ట స్ప్రింగు అమర్చి కీర్తి గడించెను. ఆ యుపాయము తనదని, పదునైదేండ్లకు పూర్వమే తాను తలచితినని హుక్ మొఱపెట్టెను. సొసైటీ కార్యదర్శియే తన రహస్యమును పొక్కించెనని నిందించెను. కాని అచ్చయిన సాక్ష్యమేది? ఈ భయముచేతనే కాబోలు, 1676లో ఒక గ్రంథము చివర తన స్ప్రింగు సూత్రమును పదునాలుగు లాటిను అక్షరముల పొడికథగా, వరుస మార్చి ప్రకటించెను. రెండేండ్ల తరువాత, 1678లో, దాని యర్థమును విప్పి చెప్పెను. విద్యను ఇట్లు తాళమువేసి దాచుట నాకు మెచ్చదగినదిగా తోచదు. దాచుటవలననే ఆయనకు సగము తగవులు వచ్చినవి.

ఆ గ్రంథముననే పైన చెప్పిన కీలు కూడ వర్ణింపబడినది. రెండు కవలకొమ్మల నడుమ ఒక శిలువవంటి దిమ్మను బిగించినచో, ఒక కడ్డీ త్రిప్పుటను దానికి వంకరగానున్న రెండవ కడ్డీకి అందింపవచ్చును. అట్టి కీలుకు ముందటి కడ్డీ సమముగా తిరిగినను, వెనుకటిది ఒకసారి త్వరగను ఒకసారి మెల్లగను తిరుగును. హుక్ ఈ గుణమును నీడగడియారపు గీతల లెక్కలో ఉపయోగించెను. లారీలో ఈ గుణము దోషమే. కనుక రెండు కొనలయందును రెండు కీళ్లు పెట్టి, ఒకదాని దోషమును రెండవదానిచే తీర్తురు.

లారీకి ఆ కీళ్లెందులకు? కమానులున్నవి గనుకనే. ఇంజను చట్రమునకు బిగింపబడియుండును. ఇరుసు మాత్రము ప్రతి గుంటకును లేచి పడుచుండును. నడుమ కడ్డీ వంగని కీలుతో నుండినచో విరిగిపోవును.

కమానుకట్టలో ఒక్క మందపు పట్టీ వేయక పలుచని పట్టీలను పేర్చుటకు కారణము కలదు. మందమైన కడ్డీని వంచినచో దాని పైభాగము మిక్కిలి సాగి చిట్లును. పలుచని పట్టీలు ఒకదానిపై ఒకటి జారుచు చిట్లకయే ఎక్కువ వంగును. ఇరుసుపై, అనగా నడుమ, వంచు బలము హెచ్చు, కొనలయందు తక్కువ. కావున నడుమ అన్ని పట్టీలును, కొనలయందు ఒకటి రెండును చాలును. బరువు పడి విల్లు చదునైనప్పుడు దాని పొడవు పెరుగును. అందువలన ఒక కొనను ఊగెడు లంకెకు తగిలింతురు. ఇట్టి విల్లులను రెండింటిని ఎదురెదురుగా చేర్చి గుఱ్ఱపు బండ్లకు అమర్చు పద్ధతికి 1804లో ఇంగ్లండున ఓబడయా ఎలియట్ పేటెంటు పొందెను. కారులలో తరచుగా తీగచుట్ట స్ప్రింగులుండును. చుట్ట నొక్కినప్పుడు లోపలి తీగ వంగుటకంటె మెలిపడుట యెక్కువ.

టన్ను బరువునకు రెండు సెంటీమీటర్లు దిగు కమాను రెండు టన్నులకు నాలుగు దిగును. ఈ లెక్క తెలియకున్నచో లారీని చేయువాడు ఎన్ని పట్టీలు వేయవలెనో చెప్పజాలడు. నిండు బరువునకు తగినట్లు చేసిన కమాను ఖాళీ బండికి మిక్కిలి బిరుసుగా నుండును. ఖాళీ లారీలో కూర్చున్నవాడు ఎగిరిపడుట ఇందుచేతనే. అందులకు కొన్ని లారీలలో పైన మరియొక చిన్న కమానును ఉంచి, బరువు హెచ్చినప్పుడే అది తగులునట్లు చేయుదురు. స్ప్రింగు ఒక్కసారి కదిలినచో ఊగుచునే యుండును. ఆ ఊపును అణచుటకు షాక్ అబ్జార్బరు వలయును.

హుక్ చివరి దినములు సుఖముగా గడువలేదు. సూర్యుని ఆకర్షణ దూరపు వర్గమును బట్టి తగ్గునను విషయమును తానే న్యూటనునకు సూచించితినని 1686లో ఆయన చెప్పగా న్యూటను కోపించెను. ఊహించుట వేఱు, గణితముతో నిరూపించుట వేఱు. నిరూపించినవాడు న్యూటనే. అయినను హుక్ చెప్పినదానిలో కొంత సత్యము లేకపోలేదు. ఇరువురికిని సఖ్యము కుదరలేదు. కన్నులు మసకబారి, కాళ్లు వాచి, 1703 మార్చి 3వ తేదీన ఆయన మరణించెను. పేదవలె బ్రతికిన ఆయన గదిలోని ఇనుపపెట్టెను తెరువగా ఎనిమిదివేల పౌండ్లకు మించిన ధనము బయటపడెను. ఆయనదని నిశ్చయముగా చెప్పదగిన చిత్రపటము ఒక్కటియు మిగులలేదు. సమాధి ఎచట నున్నదో గుర్తులేదు.

2006లో ఇంగ్లండులోని ఒక యింట అయిదువందలకు పైబడిన కాగితముల కట్ట దొరకెను. అవి హుక్ స్వహస్తముతో వ్రాసినవి. వానిలో సొసైటీ 1670 నాటి సమావేశపు వ్రాతలును కలవు. అందు స్ప్రింగు గడియారమును గూర్చిన ప్రస్తావన ఉన్నది. ఆ కాగితములు ఇప్పుడు రాయల్ సొసైటీలోనే భద్రపరుపబడి యున్నవి.